గోదావరి నిలబడిన మూడు రోజులు

చెన్నూరు రేవులో పడవ నడిపే మనిషి పోయిన నెల ఎవరినో చూడటానికి కరీంనగర్ ఆసుపత్రికి వచ్చి, పనిలో పనిగా మా ఆఫీసుకూ వచ్చాడు. వరండాలో నిలబడే చెప్పాడు.

"మన గేజితాత పోయిండు సారూ. ఇచ్చోడ దిక్కు. మట్టి చేసి గూడ రెండు నెల్లు దాటిందట."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను ఇంకేమైనా అడుగుతానేమోనని కాసేపు చూసి, తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు. నేను ఎట్లా పోయాడని కూడా అడగలేదు.

గేజితాతకు ఒక పేరుంది. ఆఫీసు కాగితాల్లో ఉంది, చర్చి పుస్తకంలో ఉంది. చెన్నూరులో మాత్రం ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. గోదావరి ఎంత ఎత్తున పారుతున్నదో రోజూ చూసి రాయడం ఆయన పని. ఒడ్డు పైనుంచి నీళ్ల దాకా మెట్లుమెట్లుగా పాతిన దుంగలకు నలుపూ తెలుపూ గీతల పలకలు బిగించి ఉండేవి. వాటి మీద అడుగులు, అడుగులో పదో వంతులు. అదే గేజీ. పొద్దున ఎనిమిదికి, పన్నెండుకు, సాయంత్రం అయిదుకు. వరదొస్తే గంటగంటకూ.

నేను ఆయన్ని తలుచుకుంటే మొదట కనబడేది ఆ కూర్చోవడమే. నీళ్ల అంచుకు దిగి, చెప్పులు విడిచి, గొంతుకూర్చుని, కంటిని నీటి మట్టానికి తెచ్చేవాడు. నిలబడి చూస్తే పదో వంతు తేడా వస్తుందని ఆయన పట్టుదల. మూడు అలలు పోనిచ్చేవాడు. నాలుగోది ఎంతకు ఎక్కిందో, ఎంతకు దిగిందో చూసి, మధ్య అంకెను పైకి అనేవాడు. లేచి ఒడ్డెక్కి, రేకుల షెడ్డులోని పెట్టె తెరిచి పుస్తకంలో రాసేవాడు. నీళ్ల దగ్గర నుంచి పుస్తకం దాకా ఆ రెండు వందల అడుగుల్లో ఎవరు పలకరించినా మాట్లాడడు. అరచెయ్యి ఎత్తి ఆగమంటాడు. ఒకసారి మా పై ఇంజనీరు జీపు దిగి ఏదో అడగబోతే ఆయనకూ చెయ్యే ఎత్తాడు. రాసి, పెట్టె మూసి, అప్పుడు వచ్చి నమస్కారం పెట్టాడు.

"నడుమ మాట్లాడితె అంకె చెడిపోతది సారూ," అన్నాడు నాతో తర్వాత.

నేను చెన్నూరు పోయింది ఒక జనవరిలో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగైదేళ్లు. మాది వేములవాడ పక్క నేతవాళ్ల ఇల్లు. మా వాడలో ఇంజనీరింగు చదివినవాణ్ని నేనొక్కణ్నే. హైదరాబాదులో బి.ఇ. పాసై, నదుల పరిశోధన చేసే ఒక చిన్న సబ్‌డివిజన్‌లో జూనియర్ ఇంజనీరుగా చేరాను. ఊళ్లో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. బస అద్దెగదిలో. వంట వచ్చేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఏం చేయాలో తెలియక గోదావరి దిక్కు నడిచేవాణ్ని. అక్కడ ఆయన అయిదు గంటల రీడింగుకు దిగుతుండేవాడు. అట్లా అలవాటైంది.

ఆయనకూ ఎవరూ లేరు. భార్య పోయి కొన్నేళ్లయింది. పిల్లలు కలగలేదు. రేవుకు దగ్గర్లో ఒంటిగది ఇల్లు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాడట. నిజాం కాలంలో అదే మిషన్ దొర సిఫారసుతో ఈ పనిలో చేరాడు. పాత పుస్తకాల్లో అంకెలన్నీ ఉర్దూలో ఉండేవి. పోలీసు చర్యప్పుడు రెండు నెలలు ఏ అధికారీ రాలేదు, టపా లేదు, పుస్తకం ఎవరికి పంపాలో తెలియదు. ఆ రెండు నెలలూ ఒక్క రీడింగు కూడా తప్పలేదు. అదొక గొప్పలా చెప్పలేదు. నేనే పుటలు తిప్పి చూసి అడిగితే, "గోదారికి ఏం ఎరుక సారూ, రాజు మారిండని?" అన్నాడు.

ఆదివారం ఎనిమిది గంటలకే ప్రార్థన మొదలు. ఆయన రీడింగూ అప్పుడే. కనుక ముప్పై ఏళ్లుగా ఆయన చర్చికి ఎప్పుడూ ఒక పాట ఆలస్యంగానే పోయాడు. చివరి బెంచీలో ఆయన జాగా ఎవరూ కూర్చోక ఖాళీగా ఉండేది. అన్నేళ్లు గోదావరి ఒడ్డున ఉండీ ఒక్కనాడూ అందులో మునగలేదు. స్నానం ఇంటి వెనక బావి దగ్గరే. ఎందుకని అడిగితే, "మీరు ఆఫీసు బల్ల మీద తానం చేస్తరా?" అన్నాడు.

'సుమారు' అన్న మాట ఆయన నోట నేను వినలేదు. వయసడిగితే ఏప్రిల్ వస్తే యాభై నాలుగు అన్నాడు. అల ఆరున్నర మీద ఆగిందా, ఆరూ నాలుగు మీదా అని అనుమానమొస్తే మళ్లీ మూడు అలలు. నేను నవ్వి, "పదో వంతుకు ఏమైతది తాతా?" అంటే ఆయన నవ్వలేదు.

"చూసింది రాయాలె సారూ. అనుకున్నది రాయొద్దు. నీళ్లు అబద్ధమాడయి. రాసెటోనికే అబద్ధం ఆడొస్తది."

ఈస్టర్ పొద్దున ఎనిమిది గంటల రీడింగు కాగానే నన్ను వెంట తీసుకుపోయాడు. ఊరి బయట వాళ్ల సమాధుల తోట. అందరూ చీకటితోనే వచ్చి, ఆనాటి ప్రార్థన అక్కడే ముగించి, పూలు పెట్టి వెళ్లిపోయారు. ఎండలో మేమిద్దరమే. ఆయన భార్య సమాధి మీది కర్ర శిలువకు సున్నం వేసి, దాని మీది తారీఖును బొగ్గుతో మళ్లీ దిద్దాడు. ఆగస్టు నెల. నాలుగేళ్ల కిందటిది. నేను ఊరికే చదివాను.

"పెద్ద జ్వరమొచ్చింది సారూ. మూడు దినాలే," అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు. సున్నం డబ్బా నేను మోశాను.

మే నెలాఖరున నాకు హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఎం.ఇ.లో సీటు. నీటి శాస్త్రం. రెండేళ్లు. స్టైపెండు కూడా. నేను ఆరు నెలల కిందట దరఖాస్తు పెట్టి మరిచిపోయినది. జూన్ చివరికల్లా చేరాలి.

మా అసిస్టెంట్ ఇంజనీరుది గోదావరి జిల్లా. అదే నది కింది కొసన పుట్టి, ఇక్కడికొచ్చి పడ్డానని నవ్వుతుండేవాడు. ఉత్తరం చదివి నా చేతిలో పెట్టాడు.

"వెళ్లవయ్యా. ఆలోచించడానికేముంది? అనుభవం ఎప్పుడైనా వస్తుంది. డిగ్రీ ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ రాదు. పన్నెండేళ్లుగా ఇసుకలో తిరుగుతున్నాను, రేపు నువ్వు ఎం.ఇ. అని రాసుకునొచ్చి నా నెత్తిన కూర్చుంటావు. చూస్తుండు."

బాపుకు జాబు రాశాను. ఆయన పక్కింటి పిల్లవాడితో రాయించాడు. 'చదువు అయిపోయింది, కొలువు దొరికింది అని ఊరంతా చెప్పుకుంటిని బిడ్డా. ఇంకేం చదువు? మగ్గం మీద ఎంత సేపు కూసుంటె అంత పని వస్తది. నీ ఇష్టం.' ఆ 'నీ ఇష్టం' నాకు ఎటూ పాలుపోనివ్వలేదు.

సాయంత్రం రేవుకు పోయి చెప్పాను. గేజితాత రాసి వచ్చేదాకా ఆగి చెప్పాను.

"ఎన్నడు పోవాలె?"

"జూన్ ఆఖరుకు."

ఆయన గోదావరి దిక్కు చూశాడు. ఆ ఎండలకు నది అవతలి ఒడ్డు కింద సన్నటి పాయగా పారుతున్నది. మిగతాదంతా ఇసుక. ఇసుకలో పుచ్చకాయ తీగలు.

"ఒక్క వానకాలం ఆగరాదా సారూ?"

"ఆగితె సీటు పోతది తాతా."

"గది నిజమే." పాయ దిక్కు చెయ్యి చూపించాడు. "మీరు వచ్చిన కాన్నుంచి ఇసుకనే చూసిన్రు. గోదారిని చూడలే. ఒక్కపారి చూసి పోతె మంచిగుండు."

నాకు ఇరవై మూడేళ్లు. ఆ మాట తమాషాగా తోచింది. "నీ ముప్పై ఏండ్ల పుస్తకాలు ఉన్నయి గద తాతా. అవి చదువుకుంట. వానకాలాలన్ని అండ్లనే ఉన్నయి," అన్నాను.

ఆ మాటకు ఆయన ముఖం ఎంత విప్పారిందో నాకు ఇప్పటికీ గుర్తు. తన పుస్తకాలు యూనివర్సిటీకి పోతాయన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టి ఉండదు. ఇక ఆగమనలేదు. మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని నా కోసం ఆ లెక్కలన్నీ పైకి చదివాడు. ఉర్దూ అంకెలు నాకు రావు మరి. ఆయన చదవడం, నేను రాసుకోవడం. మూడు వారాలు పట్టింది. వరద రోజులైనా, ఎండ రోజులైనా ఒకే గొంతు. చివరి రోజున నా నోటుబుక్కులకు తనే గుడ్డ చుట్టి దారం కట్టాడు.

బస్సు దగ్గరికి రాలేదు. అది ఎనిమిది గంటల బస్సు.

హైదరాబాదులో నా చదువు బాగానే సాగింది. రెండో ఏడు థీసిస్‌కు గోదావరి వరదలే తీసుకున్నాను. చెన్నూరు లెక్కల్ని ఎగువన ఉన్న మంచిర్యాల లెక్కలతో పక్కపక్కన పెట్టి గీతలు గీశాను. రెండు గీతలూ కలిసే నడిచేవి. అక్కడ నది ఎక్కితే కొన్ని గంటలకు ఇక్కడా ఎక్కుతుంది, అక్కడ దిగితే ఇక్కడా దిగుతుంది. ఒక్కచోట మాత్రం కలవలేదు. ఒక ఆగస్టులో మూడు రోజుల పాటు మంచిర్యాల దగ్గర నది దిగుతూ వచ్చింది. ఎక్కడా వాన లేదు. చెన్నూరులో మాత్రం దాదాపు ఒడ్డు దాకా ఎక్కి, అక్కడే నిలబడింది. గంటగంటకూ అదే అంకె. మహా అయితే ఒక పదో వంతు అటూ ఇటూ. మూడు పగళ్లు, మూడు రాత్రులు.

ఆ తారీఖు ఎక్కడో చూశాననిపించింది. సున్నం వేసిన శిలువ గుర్తొచ్చింది. చూసుకుంటే ఆమె పోయింది ఆ మూడో రోజునే.

ఇక ఆలోచించలేదు. ఇంట్లో భార్య ప్రాణాల మీద ఉంటే ఏ మనిషి గంటగంటకూ పోయి నీళ్లు చూస్తాడు? ఇంట్లో కూర్చుని నిన్నటి అంకెనే రాసుకుంటూ పోయాడు. జాలి వేసింది. ఆ జాలి నా తెలివికి సాక్ష్యంగా తోచింది. దిగువన ఇంకో నది పొంగితే పై నది నీళ్లు వెనక్కి పోటు వేయడం గురించి నేను చదువుకోలేదా అంటే, చదువుకున్నాను. పరీక్షలో ఎనిమిది పుటలు రాశాను. చెన్నూరుకు దిగువన ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుందనీ తెలుసు. పాత పటం మీద నది వాలు చూసి లెక్క కట్టాను కూడా. ప్రాణహిత ఎంత పొంగినా ఆ పోటు చెన్నూరు దాకా రాకుండా సగం దారిలోనే ఆగిపోవాలని తేలింది. ప్రాణహిత మీద అప్పటికి గేజీ లేదు, సరిచూసుకోవడానికి. పటం సరైనదా అన్న ప్రశ్న నాకు రాలేదు.

థీసిస్‌లో ఆ మూడు రోజుల్ని వదిలేశాను. ఎందుకు వదిలేశానో ఒక పేరా రాశాను. మా ప్రొఫెసరు ఆ పేరా పక్కనే 'భేష్' అని రాశాడు.

ఎం.ఇ. అయ్యాక కరీంనగర్ ఆఫీసులో మంచి హోదాలో వేశారు. మా చెన్నూరు ఏ.ఇ. అన్నట్టే అయింది. ఏ గేజీల లెక్కలు నమ్మదగినవి, ఏవి కావు, వేటిని ఎత్తివేయవచ్చు అని నన్ను ఒక నోటు రాయమన్నారు. పుస్తకాలన్నీ తెప్పించారు. చెన్నూరు పుస్తకంలో ఆ మూడు రోజుల మీద ఎర్ర పెన్సిలుతో నిలువుగా గీత కొట్టాను. నోటులో ఒక వాక్యం రాశాను. ఒకచోట కల్పించి రాసిన చేయి మిగతా చోట్ల కల్పించలేదని చెప్పలేం, అని.

వాక్యం బాగా కుదిరిందనుకున్నాను. ఆరు నెలల్లో చెన్నూరు గేజీ ఎత్తేశారు. పలకలు ఊడదీశారు. గేజితాత పర్మినెంటు మనిషి కాడు, కనుక రేపటి నుంచి రావద్దని చెప్తే సరిపోయింది.

ఆయన కరీంనగర్‌కు వచ్చాడు. తెల్లటి ధోవతి, చర్చికి వేసుకునే నల్లకోటు, చంకలో గొడుగు. పొద్దున్నుంచీ వరండా బెంచీ మీద ఉన్నాడని మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు తెలిసింది. లోపలికి పిలిచాను. కుర్చీ చూపిస్తే నిలబడే ఉన్నాడు.

"నా లెక్క తప్పన్నరంట సారూ. ఏ దినాల లెక్క?"

తారీఖులు చెప్పాను. ఆయన జ్ఞాపకం చేసుకోవలసిన పని లేకపోయింది.

"మంచిర్యాలల గోదారి దిగుతున్నది తాతా. వాన లేదు. చెన్నూర్ల మాత్రం మూడు దినాలు ఒక్కతీరుగ నిలవడ్డదని రాసినవు. పారే నది ఎట్ల నిలవడుతది?"

"నిలవడ్డది సారూ."

"ఎట్ల?"

"ఎట్లనో నాకు తెల్వది. నిలవడ్డది. రాసిన."

నేను గొంతు తగ్గించాను. గుమాస్తాలు వినకూడదని. అది దయ అనుకున్నాను.

"గా దినాల నీ ఇంట్ల ఏం నడుస్తుండెనో నాకు ఎరుకే తాతా. నీ జాగల ఎవలున్నా ఇంట్లనే ఉందురు. నేను తప్పు పడుతలేను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. అంతకు ముందు ఎన్నడూ అట్లా చూడలేదు. 

"ఇంట్లనే ఉండాల్సింది సారూ," అన్నాడు.

గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. మనసు తేలికపడి అన్నానికి పోయాను.

మరో రెండేళ్లకు, ఆగస్టులో, రేవుకు పోయే రోడ్డు కోసుకుపోయిందంటే చూడటానికి చెన్నూరు పోవలసి వచ్చింది. వానకాలంలో నేను ఆ రేవుకు పోవడం అదే మొదలు. వాన వెలిసి వారమైంది. మంచి ఎండ. మంచిర్యాల దగ్గర బస్సులోంచి చూస్తే గోదావరి బాగా తగ్గిపోయి బండలు తేలి కనబడింది. చెన్నూరు రేవుకొచ్చి చూద్దును కదా, ఒడ్డు నిండా నీళ్లు. చప్పుడు లేదు. వరదకు ఉండే హోరు లేదు, సుడి లేదు. ఇంత పెద్ద నీరు ఏ చప్పుడూ లేకుండా ఉండటం చూసి భయమేసింది. నది మధ్యలో ఒక పెద్ద మోదుగు మొద్దు, దాని మీద ఒక కొంగ. మొద్దు కదలడం లేదు. చాలాసేపు చూస్తే కదులుతున్నదని తెలిసింది. ఎగువకు.

పడవ ఆయన ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. మొన్న మా వరండాలోకి వచ్చిన ఈ మనిషే.

"ఇదేంది? గోదారి ఎందుకు ఆగింది?" అన్నాను.

"పాణహిత వచ్చింది సారూ. పైన మరాఠీ దేశంల పడ్డయేమో వానలు. అది నిండుగ వచ్చినప్పుడు గోదారిల బలం లేకపోతె ఇగ ఇట్లనే. అది పొయ్యేదాంక ఇది ఆగాలె."

"ఎన్ని దినాలు ఉంటది?"

"ఒగపారి ఒక్క దినం. ఒగపారి మూడు దినాలు."

"అందరికి ఎరుకేనా ఇది?"

ఆయన వల దించి నన్ను చూశాడు. "ఎరుక లేకేంది సారూ. పడవ నడిపెటోళ్లకు ఎరుక లేకుంట ఉంటదా?"

ఎవరూ వాళ్లను అడగలేదు. నేను అడగలేదు.

గేజీ పలకలున్న చోట మేకుల తుప్పు మరకలతో రెండు దుంగలు మిగిలాయి. మిగతావి నీళ్లలో ఉన్నాయి. నేను ఆ ఒడ్డున కూర్చున్నాను. 'ఇంట్లనే ఉండాల్సింది సారూ.' ఆ మాట నా చెవిలో రెండేళ్ల తర్వాత పడింది. ఆయన ఇంట్లో లేడు. ఆ మూడు రోజులూ పోయాడు. గంటగంటకూ పోయి, ఆ చప్పుడు లేని నీళ్ల పక్కన గొంతుకూర్చుని చూసి వచ్చాడు. అందుకే అన్నాడు ఆ మాట.

తిరిగొచ్చాక నా పాత నోటు తప్పని పై ఆఫీసుకు రాశాను. చెన్నూరు గేజీ మళ్లీ పెట్టమని, ఆ మనిషిని మళ్లీ తీసుకోమని రాశాను. జవాబు వచ్చింది. మీరు చూశామంటున్న నీటి మట్టానికి కొలతలు జతపరచలేదు, అని. దానికి నా పాత నోటు నకలే జతచేశారు. అందులో నా వాక్యం కింద ఎవరో గీత గీశారు.

ఆయన ఎక్కడున్నాడో రేవులో ఆనాడే పడవ ఆయన్ని అడిగాను. చెన్నూరు విడిచి చాన్నాళ్లయిందన్నాడు. ఇచ్చోడ దిక్కు ఎక్కడో మిషన్ వాళ్ల బోర్డింగు బడి ఉంది, భార్య తమ్ముడు అక్కడ వంట చేస్తాడు, ఆ బళ్లో ఈయన గంట కొడతాడు.

డిసెంబరులో పోయాను. ఇచ్చోడలో బస్సు దిగి నాలుగు మైళ్లు నడక. జొన్నచేలు, టేకు చెట్లు. నదీ లేదు, చెరువూ లేదు. బడి ముందు ఒక ఇనప కమ్మీ వేలాడదీసి ఉంది. దాని పక్కన బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు, ఎదురుగా గోడ గడియారం కనబడేటట్టు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచాడు, నమస్కారం పెట్టాడు, కూర్చోమని బల్ల తుడిచాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

బల్ల మీద కూర్చుంటూనే చెప్పాను.

"గోదారి నిలవడ్డది తాతా. నేను చూసిన."

ఆయన ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. "ఎన్నడు?"

"ఆగస్టుల. పగటీలి."

"నీళ్లు ఎట్లున్నయి? ఎర్రగనా, నల్లగనా?"

"నల్లగ."

"అయితె పాణహిత నీళ్లే." తల ఊపాడు. చాలా రోజులకు ఎవరో తనకు తెలిసిన భాషలో మాట్లాడినట్టు ఆయన ముఖం మారింది. "ఎన్ని అడుగులుండె సారూ?"

 "పలక లేదు తాతా. తీసేసిన్రు."

"దుంగల మీదనన్న గుర్తు పెట్టుకున్నరా?"

"లేదు. చూస్తనే కూసున్న."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "మరి ఎవలు నమ్ముతరు సారూ?" అన్నాడు. ఎగతాళి లేదు అందులో. నా కోసం నిజంగా ఫికర్ పడుతున్నాడు.

నేను తప్పు చేశానని అప్పుడు చెప్పాను. ఆఫీసుకు రాసిందీ, వాళ్లు ఇచ్చిన జవాబూ చెప్పాను. చెన్నూరుకు మళ్లీ రమ్మనలేనని కూడా చెప్పాను. ఆయన గడియారం చూస్తూ విన్నాడు. ఎక్కడా అడ్డురాలేదు. అంతా అయ్యాక మాట్లాడాడు.

"మూడో దినం పగటీలి, పన్నెండు గంటల లెక్కకు లేస్తుంటె చెయ్యి పట్టుకున్నది సారూ. జర కూసో అన్నది. ఇప్పుడే వస్త అని పోయిన. నీళ్లు గట్లనే ఉన్నయి. మూడు అలలు చూసిన. అలలు గూడ లెవ్వు. రాసి వచ్చిన. వచ్చెవరకు అయిపోయింది."

బడి లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"మీరు పెద్ద చదువు చదివిన్రు. ఏది ఉంచాలె, ఏది తియ్యాలె మీకు ఎరుక. తియ్యాలంటె తియ్యుండ్రి. గా పన్నెండు గంటల లెక్క ఒక్కటి ఉంచుండ్రి సారూ. గదొక్కటి."

నేను ఏదో అనేలోపల గంట వేళయింది. ఆయన లేచి సుత్తి తీసుకుని నాలుగు కొట్టాడు. పిల్లలు గుంపుగా బయటపడి మా ఇద్దరి మధ్య నుంచి పరుగెత్తారు. వాళ్లు పోయేసరికి ఆయన సుత్తిని మేకుకు తగిలిస్తున్నాడు. రాత్రికి ఉండమన్నాడు. బస్సుందని వచ్చేశాను.

కరీంనగర్ రాగానే రికార్డు గదిలో ఆ పుస్తకం తీయించాను. ఎర్ర గీత నేను కొట్టిందే, రబ్బరుతో పోలేదు. మూడో రోజు పన్నెండు గంటల అంకె పక్కన సిరాతో, 'ఇది నది దగ్గర చూసి రాసినది, సరైనది' అని రాసి సంతకం పెట్టాను. అట్లా రాయడానికి నాకు అధికారం లేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆ పుస్తకం మళ్లీ ఎవరూ తెరవలేదు.

ఆయనకు కార్డు రాశాను. పన్నెండు గంటల లెక్క ఉంచాను తాతా, సంతకం కూడా పెట్టాను, అని.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ఆయన ఉత్తరాలు రాసే మనిషి కాదు. చిరునామా ఎవరితోనో రాయించాడు, వెనక మాత్రం తన చేతిరాతే. అంకెలు రాసి రాసి అలవాటైన చెయ్యి, ఒక్కో అక్షరం విడివిడిగా, గడిలో పెట్టినట్టు రాసింది. ఒక్కటే వాక్యం.

'మిగిలినయి గూడ చూసి రాసినయే సారూ.'

ఆ కార్డుకు నేను జవాబు రాయలేదు.